పెట్టెలో అంకె, తొట్టిలో గాలి

హేచరీ, పంపుల గది పక్కన ఆఫీసు

గౌరవనీయులైన వదినగారికి నమస్కారాలు.

ఉత్తరం చూసి కంగారుపడకండి. ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఆదివారం చేస్తే పిల్లలిద్దరూ మీ ఇంట్లో భోజనానికి వచ్చి ఉంటారు. మీ అమ్మాయి స్పీకర్ పెట్టేస్తుంది, మా అబ్బాయి "తిన్నావా అమ్మా" అంటాడు, నేను అడగాల్సింది అడక్కుండానే ఫోన్ పెట్టేస్తాను. మిగతా రోజుల్లో మీరు పనిలో ఉంటారు. అందుకని మీ ఆఫీసు చిరునామాకే రాస్తున్నాను. ఆఫీసుకి ఉత్తరాలేమిటని మీవాళ్లు అడిగితే బీమా ఏజెంటు రాసిందని చెప్పండి. ఇక ఎవరూ తొంగిచూడరు.

విషయం చిన్నదే. మన పిల్లల పెళ్లయిన కొత్తలో మా అబ్బాయి మీ కంపెనీ పెట్టె ఒకటి తెచ్చి మా తొట్ల దగ్గర బిగించాడు కదా. నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందో అంకె చూపిస్తుంది, తగ్గితే గాలి మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. మంచి పెట్టె. రెండేళ్లుగా మాట రానివ్వలేదు. అయితే అది ఒక మధ్యాహ్నమంతా ఒకే అంకె చూపించడం ఎక్కడైనా ఉంటుందా? ఊరికే అడుగుతున్నాను. మొన్న ఒక తొట్టిలో చేపపిల్లలు కొంచెం దెబ్బతిన్నాయి. ఈ వ్యాపారంలో అది మామూలే.

మా తమ్ముడు ఇప్పుడు ఇక్కడ లేడు, ఐస్ ఫ్యాక్టరీలో పని చూసుకున్నాడు. అందుకే తొట్లన్నీ నేనే చూసుకోవాల్సి వస్తోంది. మోకాళ్లు మాట వినడం లేదు.

ఈ ఉత్తరం సంగతి పిల్లలకి చెప్పకండి. మీ కంపెనీ వస్తువు మీద ఫిర్యాదు చేసిందని మా అబ్బాయి నొచ్చుకుంటాడు.

మీ వదిన


కంపెనీ, రెండో అంతస్తు

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. బీమా ఏజెంటు అని చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇక్కడ అందరూ తెరల వైపు తప్ప పక్కవాళ్ల వైపు చూడరు.

మీ ప్రశ్నకు జవాబు: మధ్యాహ్నమంతా ఒకే అంకె ఉండటానికి వీల్లేదు. చేపలున్న నీళ్లలో ఆక్సిజన్ క్షణక్షణం ఎంతో కొంత మారుతుంది, చివరి అంకె కదులుతూనే ఉండాలి. సాధారణంగా ఇలాంటి ఫిర్యాదుల్లో కారణం ప్రోబ్ మీద, అంటే నీళ్లలో ముంచి ఉంచే కొలత కడ్డీ మీద, పాచి పేరుకోవడం. మెత్తటి గుడ్డతో తుడవండి. కేబుల్ నీళ్లలో నానుతోందేమో, పెట్టె వెనక స్క్రూలు వదులయ్యాయేమో చూడండి. అది బాగా పరీక్షించి బయటికి పంపిన పరికరం. తయారీ లోపం ఉండే అవకాశం తక్కువ.

రెండు విషయాలు రాయగలరా? ఆ మధ్యాహ్నం కరెంటు హెచ్చుతగ్గులు ఏమైనా వచ్చాయా? మళ్లీ అంకె మారడం ఎప్పుడు మొదలైంది?

పిల్లలకి చెప్పను. మోకాళ్లకి బల్ల ఎత్తు పెంచుకుని కూర్చుని పని చేస్తే ఉపశమనం ఉంటుంది. మీ తమ్ముడుగారికి కొత్త పని బాగుందని ఆశిస్తాను.

మీ వదిన


హేచరీ ఆఫీసు

వదినగారికి,

ప్రోబ్ తుడిచాను. నేను రోజూ తుడుస్తాను. స్క్రూలు బిగించే ఉన్నాయి. కేబుల్ పొడిగానే ఉంది. మీరు రాసింది చదివితే నేను తొట్టి ఏదో బకెట్టు ఏదో తెలియని మనిషిలా కనిపించాను నాకే. సరే, మీరు నన్ను పెళ్లిలో పట్టుచీరలో తప్ప చూడలేదు కదా.

నేనూ మొదట నిజం పూర్తిగా రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

ఆ ఆదివారం భోజనాల వేళకి బల్బులు కాసేపు గుడ్డిగా వెలిగి మళ్లీ మామూలైపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. నేను బ్యాంకు మేనేజర్ ఇంట్లో శుభకార్యానికి వెళ్లాను. తొట్ల దగ్గర మా తమ్ముడొక్కడే ఉన్నాడు. సాయంత్రం వచ్చి చూస్తే పెద్ద తొట్టి మీద తెల్లగా ఏదో తెట్టు కట్టినట్టుంది. దగ్గరికి వెళ్తే అది తెట్టు కాదు. ఒక్క పిల్ల మిగల్లేదు. గాలి మోటారు తిరగడం లేదు. పెట్టెలో అంకె ఆరు పాయింట్ ఎనిమిది. అంటే బ్రహ్మాండంగా ఉన్నట్టు.

పెట్టె అలా చెబుతుంటే నాకేమనిపిస్తుంది చెప్పండి. మోటారు చప్పుడుకి నిద్రపట్టదని మావాడు ఎప్పుడూ విసుక్కుంటాడు. "కునుకు తీయడానికి మోటారు ఆపావు, నేను వస్తున్న చప్పుడు విని స్విచ్ మళ్లీ ఆటోమేటిక్‌లోకి తిప్పావు" అన్నాను.

"అక్కా, నేను స్విచ్ ముట్టుకోలేదు. పిల్లలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే చూశాను. పెట్టె చూశాను. అంకె బాగుంది. మేతకి వచ్చాయనుకున్నా" అన్నాడు.

"పెట్టె ఎందుకు అబద్ధం చెబుతుందిరా? దానికి నిద్ర రాదు కదా!"

ఇంకా చాలా అన్నాను. పనివాళ్లందరి ముందూ అన్నాను. నాన్న పోయాక వాణ్ని పెంచింది నేను. ఆ పెంపకం కూడా ఎత్తిచూపాను. వాడు బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు. పెట్టె ప్లగ్ ఒకసారి తీసి, మళ్లీ పెట్టి వెళ్లాడు. వెళ్లే ముందు ఎందుకు తీశాడో నాకు తెలీదు, కోపంతో కాబోలు. ఆ తర్వాతే అంకె మళ్లీ మారడం మొదలైంది.

నేను అడిగేది పెట్టె గురించి కాదు వదినగారూ. మా తమ్ముడి గురించి. ఆ పెట్టె అబద్ధం చెప్పగలదా, లేదా?

మీ వదిన


కంపెనీ, పరీక్షల గది

వదినగారూ,

చెప్పగలదు. నేను చేసి చూశాను.

మీ ఉత్తరం వచ్చిన రోజే మీ దగ్గరున్నటువంటి పెట్టెను బల్ల మీద పెట్టి, ప్రోబ్‌ను నీళ్ల గ్లాసులో ముంచి, సరఫరా వోల్టేజి తగ్గించి మళ్లీ పెంచాను. మొదటి కొన్నిసార్లు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒకసారి అంకె కదలడం ఆగిపోయింది. ప్రోబ్‌ను నీళ్లలోంచి తీసి గాల్లో పట్టుకున్నాను, అదే అంకె. వైరు పీకి ప్రోబ్‌ను బల్ల మీద పెట్టాను, అదే అంకె. నా పక్కన కూర్చునే ఆవిడ కాఫీలో ముంచమంది. ముంచలేదు, ముంచినా అదే అంకె చూపించేది.

జరిగింది ఇది. పెట్టెలోని కంప్యూటరుకీ ప్రోబ్‌కీ మధ్య మాట చేరవేసే ప్రోగ్రామును మేం డ్రైవర్ అంటాం. ప్రతి కొలతకీ డ్రైవర్ ముందు కొలత లెక్కగట్టే చిప్‌కి కరెంటు ఇస్తుంది, తర్వాత ప్రోబ్‌కి ఇస్తుంది, కొలుస్తుంది, రెండూ ఆపేస్తుంది. ఆ రోజు వోల్టేజి పడిపోయినప్పుడు ప్రోబ్‌కి కరెంటు ఇచ్చే భాగం తనను తాను కాపాడుకోవడానికి మూసుకుపోయింది. ప్లగ్ తీసి మళ్లీ పెడితే తప్ప లేవదు. అప్పుడు డ్రైవర్ ఏం చేయాలి? అప్పటికే చిప్‌కి ఇచ్చిన కరెంటు ఆపి, వెనక్కి వచ్చి "కుదరలేదు" అని చెప్పాలి. ఆపడం వరకూ చక్కగా చేసింది. కానీ జవాబు చెప్పేటప్పుడు, కొలత ఏమైందో చెప్పకుండా, ఆపడం ఎలా జరిగిందో చెప్పింది. ఆపడం బాగానే జరిగింది. కాబట్టి "అంతా బాగుంది" అంది. కూర మాడిపోయింది, గిన్నె తోమి బోర్లించారు, వంట సంగతేమిటని అడిగితే "శుభ్రంగా ఉంది" అన్నట్టు. పైనున్న ప్రోగ్రాము ఆ మాట నమ్మి అంకె కోసం చూస్తే అక్కడ పాత అంకే ఉంది. దాన్నే చూపిస్తూ కూర్చుంది.

మీ తమ్ముడుగారు స్విచ్ ముట్టుకోనవసరం లేదు. ఆయన చెప్పిందంతా నేను చూసినదానితో సరిపోతోంది. ఇది ఆయనకి చెప్పండి. ఈ ఉత్తరం చూపించండి.

మొదటి ఉత్తరంలో నేను రాసిన తీరు బాగాలేదు. పరికరాన్ని అడగాల్సిన ప్రశ్నలు మిమ్మల్ని అడిగాను.

డ్రైవర్‌లో ఆ భాగం నేను మార్చి రాస్తున్నాను. మొదట రాసినవారు ఇప్పుడు వేరే విభాగంలో ఉన్నారు, వారి ఒప్పుదల కావాలి. ఇతర కస్టమర్లకు హెచ్చరిక పంపమని పైవాళ్లకి రాశాను. ఈలోగా మీరు మోటారును ఆటోమేటిక్‌లో ఉంచకండి. చేత్తో ఆన్ చేసి అలాగే వదిలేయండి. కరెంటు బిల్లు పెరుగుతుంది, పెరగనివ్వండి.

మీ వదిన


హేచరీ ఆఫీసు

వదినగారూ,

మీ ఉత్తరం పట్టుకుని ఐస్ ఫ్యాక్టరీకి పరుగెత్తాను. లోపలికి వెళ్తే గడ్డకట్టుకుపోయేలా ఉంది. మావాడు రబ్బరు చేతితొడుగులు వేసుకుని దిమ్మలు లాగుతున్నాడు. బయటికి పిలిచి ఉత్తరం చేతిలో పెట్టాను. నిలబడి మొత్తం చదివాడు. గిన్నె పోలిక దగ్గర కొంచెం నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "పద, ఇంటికి పోదాం" అన్నాను.

మడిచి నా చేతికే ఇచ్చాడు. "ఆ రోజు పెట్టె మాట నమ్మి వెళ్లగొట్టావు. ఇవాళ ఉత్తరం మాట నమ్మి రమ్మంటున్నావు. నా మాట ఒక్కటే నీ చెవికెక్కదు కదక్కా" అన్నాడు.

కోపంగా అనలేదు. అదే బాధ. తిట్టినా బాగుండేది.

అయినా వదినగారూ, నాకు తెలియక అడుగుతాను. అంత చదువుకుని, అంత పెద్ద ఆఫీసులో కూర్చుని, తెలియనప్పుడు తెలియదని చెప్పే పెట్టె చేయలేకపోయారా? ఎవరా రాసిన పెద్దమనిషి? ఉరుము ఉరిమి మంగళం మీద పడినట్టు ఎక్కడో ఎవడో చేసిన పనికి నా తమ్ముడి బతుకు మీద దెబ్బపడింది. వాడికి ఒప్పుదల వేరే కావాలా! ఒక్కసారి మా తొట్టి దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టండి. వాణ్ని కన్నతల్లి ఎవరో గానీ, తప్పు జరిగితే చెప్పాలిరా అని చిన్నప్పుడు ఒక్కసారైనా చెప్పి ఉండదు.

మీ మీద కాదు నా కోపం. మీరు చేసిన సాయం మర్చిపోను.

మీ వదిన


కంపెనీ, రెండో అంతస్తు

వదినగారూ,

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకండి.

పని ఎంతవరకు వచ్చిందో చెబుతాను. పాత డ్రైవర్‌లో కరెంటు ఇవ్వడం, ఆపడం గురించే మూడు పేజీలు ఉన్నాయి. ఇది చెడితే ఈ దారి, అది చెడితే ఆ దారి, ఆ దారిలో ఇంకోటి చెడితే మరో సందు. ఒక్కో సందు చివర ఒక్కోటి ఆపుతారు. ఎక్కడో ఒక సందులో జవాబు తారుమారైంది. నేను ఆ ఒక్క వరుస దిద్ది ఊరుకోవచ్చు. కానీ అన్ని సందులున్న చోట రేపు ఇంకొకరు దారి తప్పుతారు. అందుకని సందులన్నీ తీసేశాను. కరెంటు ఇవ్వమని అడిగే చోటే, పని అయినా చెడినా దాన్ని ఆపే బాధ్యత కూడా కట్టేశాను. స్ప్రింగు తలుపులాగా, మనిషి బయటికి వస్తే అదే మూసుకుంటుంది. ఇక చెడినప్పుడు డ్రైవర్‌కి ఒక్కటే పని, చెడిందని చెప్పడం. మూడు పేజీలు అరపేజీ అయ్యాయి.

మొదట రాసినాయన ఒప్పుకోవడం లేదు. "ప్రతి సందర్భానికీ ఆలోచించి దారి వేశాను, ఇవన్నీ తీసేస్తే ప్రమాదం" అంటారు. "ఆ ఒక్క వరుస దిద్దుతాను, మిగతావి ముట్టుకోకండి" అంటారు. స్ప్రింగు తలుపు మీద ఆయనకి నమ్మకం లేదట. తలుపు తనే వేయాలి, గడియ తనే పెట్టాలి, పెట్టానో లేదో వెనక్కి వచ్చి చూసుకోవాలి. "అలా చూసుకుంటూనే, ఇల్లు కాలుతున్న సంగతి చెప్పడం మర్చిపోయారు" అన్నాను. మాట కొంచెం పదునుగానే పడింది. నిన్న భోజనాల దగ్గర కూడా ఇదే వాదన. అమ్మాయి కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

ఆయన చెడ్డవారు కాదు వదినగారూ. నిర్లక్ష్యం అసలే కాదు, అతిజాగ్రత్త. అంత జాగ్రత్తపడేవాళ్లకి తాము జాగ్రత్తపడిన చోటే తప్పు ఉందంటే నమ్మబుద్ధి కాదు. దయచేసి ఆయన్ని, ఆయన తల్లిని ఏమీ అనకండి.

హెచ్చరిక అందరికీ వెళ్లింది. ఇంకెక్కడా నష్టం జరగలేదు.

మీ వదిన


హేచరీ ఆఫీసు

వదినగారూ,

మీ ఆఫీసాయనతో మీరు వాదిస్తుంటే మీ అమ్మాయి ఎందుకు లేచి వెళ్లింది?

మీరు ఉత్తరం అతికించే ముందు మళ్లీ చదువుకునే మనిషి. ఆ మాట చూసుకోకుండా వదిలారో, చూసే వదిలారో నాకు తెలీదు.

మా అబ్బాయిదీ మీ కంపెనీయే కదా. పెట్టె బిగించిన రోజు పనివాళ్లందరికీ చెప్పుకున్నాడు, "ఇందులో నేను రాసింది కూడా ఉంది" అని. నేను పొంగిపోయాను. ఏం రాశాడో అడగలేదు.

వాడేనా? అవునో కాదో రాయండి. ఇంకేం వద్దు.


ఇల్లు, వంటగది బల్ల

వదినా,

అవును.

ఇంకేం వద్దన్నారు, కానీ ఒక్కటి తెలియాలి. చేపలు పోయింది మీ తొట్టిలోనని అతనికి తెలియదు. ఒక కస్టమర్‌కి నష్టం జరిగిందని మాత్రమే తెలుసు. మీ తమ్ముడి సంగతి అసలే తెలియదు. మీరు పిల్లలకి చెప్పవద్దన్నారు, నేను మాటిచ్చాను. మాట తప్పకూడదన్నది ఒక కారణం. రెండోది, మామయ్య పేరు చెబితే అతను మరుక్షణం తలవంచుతాడు. ప్రోగ్రాము బాగుందని ఒప్పుకోవాలి గానీ, గుండె బరువెక్కి ఒప్పుకోకూడదు అనుకున్నాను. మూడో కారణం మీకు చెప్పనక్కర్లేదు. అల్లుడి తప్పు అత్త వెతికి పట్టుకుందంటే ఎంత న్యాయంగా పట్టుకున్నా లోకానికి ఒకలాగే కనిపిస్తుంది, మా అమ్మాయికి కూడా. ఆఫీసులో నన్ను మేడమ్ అంటాడు, ఇంట్లో అత్తయ్యా అంటాడు. ఈ వారం రెండూ మానేశాడు.

ఆ భోజనాల మాట చూసే వదిలానా అని అడిగారు. రెండుసార్లు చదివాను. కొట్టేయలేదు.

ఇప్పుడేం చేయమంటారో చెప్పండి. మీరు చెప్పవద్దంటే చెప్పను.

మీ వదిన


హేచరీ, తొట్ల దగ్గర

వదినా,

రెండు రోజులు ఏ పనీ చేయలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దవాళ్లు. ఆ కన్నతల్లి గురించి నేను రాసినదాన్ని దయచేసి చించేయండి. లేదా ఉంచండి, అప్పుడప్పుడు చదువుకోవడానికి నాకే పనికొస్తుంది.

మా తమ్ముడు మంచి జీతం కోసం వెళ్లాడని అబ్బాయికి చెప్పింది నేనే. ఫోన్లో "మామయ్య ఎలా ఉన్నాడు" అని వాడు అడిగినప్పుడల్లా "బాగున్నాడు" అన్నాను. పెట్టె కంటే నేనేం తక్కువ తిన్నాను?

చెప్పండి. మీరే చెప్పండి. నేను చెబితే కొడుకని వెనకేసుకొస్తాను, లేకపోతే తమ్ముడి మీద మమకారంతో వాణ్ని కోసి కారం పెడతాను. రెండూ పనికిరావు. మీరైతే జరిగింది జరిగినట్టు చెబుతారు. మొదట్లో మీ రాత నాకు కటువుగా అనిపించింది. ఇప్పుడు నా కొడుక్కి అలాంటి మాటే కావాలి.

మీ వదిన


కంపెనీ, పరీక్షల గది

వదినా,

చెప్పాను.

ఇంట్లో చెప్పాలా ఇక్కడ చెప్పాలా అని ఆలోచించి ఇక్కడే చెప్పాను. పరీక్షల గదికి రమ్మన్నాను. ముందు పెట్టె చూపించాను. వోల్టేజి తగ్గించి పెంచాను, అంకె ఆగిపోయింది. అప్పటిదాకా అతను దాన్ని కాగితం మీదే చూశాడు, కళ్లతో చూడలేదు. ప్రోబ్ తనే పైకి తీశాడు. గుడ్డతో తుడిచాడు. అరచేతిలో పట్టుకుని చాలాసేపు అంకె వైపు చూశాడు.

"ఇది జరిగిన కస్టమర్ ఎవరు మేడమ్?"

"మీ అమ్మగారు."

ప్రోబ్‌ను ఒకసారి తిప్పి చూశాడు. తర్వాత "మామయ్య..." అని ఆగాడు. అప్పుడు మొత్తం చెప్పాను. మీరు ఏమన్నారో, మీ తమ్ముడు ఏమన్నారో, ఐస్ ఫ్యాక్టరీ దగ్గర ఏం జరిగిందో. ఎక్కడా ఏమీ కలపలేదు, తగ్గించలేదు. విన్నంతసేపూ ఆ ప్రోబ్ చేతిలోనే ఉంది.

"ఎన్నాళ్లుగా తెలుసు మీకు?"

"పరీక్ష చేసిన రోజు నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"మాటిచ్చాను. పైగా నువ్వు పని చూసి ఒప్పుకోవాలనుకున్నాను."

"చూసి ఒప్పుకునేవాణ్నే. మీరు నా ముందు అరపేజీ పెట్టారు గానీ ఈ గ్లాసు పెట్టలేదు" అన్నాడు.

ఆ మాట నిజం వదినా. నేను అతనికి జవాబు చూపించాను, సమస్య చూపించలేదు. మొదటి రోజే ఈ గదికి పిలిచి ఉంటే ఇన్ని వారాల వాదన ఉండేది కాదు. మీ పేరు చెప్పకుండానే చూపించి ఉండొచ్చు. నాకు తట్టలేదు.

తర్వాత నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను రాసినది మొదటి నుంచి చదివాడు. నేను భయపడి ఉంచిన రెండు సందులు చూపించి "ఇవి కూడా అక్కర్లేదు" అని తీసేశాడు. అంకె లేనప్పుడు తెర మీద గీతలు రావాలని, పెట్టె అరవాలని, మోటారు దానంతటదే ఆన్ అవ్వాలని పైప్రోగ్రాములో తనే రాశాడు. కస్టమర్లకి వెళ్లే కాగితంలో తన విభాగం పేరు తనే పెట్టాడు. పని అయ్యాక సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టి వెళ్లాడు. మీ దగ్గరికే బయల్దేరుతున్నాడు. మా అమ్మాయి కూడా వస్తోంది.

అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. "మా ఆయన సంగతి నాకు తప్ప మీ ఇద్దరికీ తెలుసు. ఉత్తరాలు రాసుకున్నారు! నేనేమైనా పక్కింటి పిల్లనా?" అంది. జవాబు చెప్పబోయాను. ఫోన్ పెట్టేసింది. ఆఫీసులో ఏ తప్పుకైనా నా దగ్గర దారి ఉంటుంది. దీనికి లేదు.

మీ వదిన


హేచరీ ఆఫీసు

వదినా,

పిల్లలు వచ్చారు. స్టేషను నుంచి మా అబ్బాయి ఇంటికి రాలేదు. సామాను, పెళ్లాన్ని ఆటో ఎక్కించి నేరుగా ఐస్ ఫ్యాక్టరీకి పోయాడు. అక్కడేం జరిగిందో మా తమ్ముడు చెప్పలేదు, వీడే చెప్పాడు.

వీడు చెప్పిందంతా విని మా తమ్ముడు అడిగిన మొదటి మాట, "ఇప్పుడు సరిచేశావా?"

"చేశాను మామయ్యా."

"మిగతావాళ్ల తొట్లకి?"

"అందరికీ పంపాం."

"అయితే ఆ కొస పట్టుకో" అని ఐస్ దిమ్మ చూపించాడట. షిఫ్టు అయ్యేదాకా ఇద్దరూ దిమ్మలు మోశారు. ఇంటికి వచ్చేసరికి మీ అల్లుడుగారి చేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. కంచంలో చెయ్యి పెట్టలేక చెంచా అడిగాడు. నేను ఇవ్వబోతే కోడలు తనే తెచ్చి ఇచ్చింది.

మర్నాడు నేను వెళ్లాను. ఈసారి ఏ ఉత్తరమూ తీసుకెళ్లలేదు. దారంతా మాటలు కూర్చుకున్నాను, వాణ్ని చూడగానే అన్నీ పోయాయి. "నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసురా. తెలిసే అన్నాను. చచ్చిన పిల్లల్ని చూసి ఎవరినో ఒకరిని అనాలనిపించింది, నువ్వు ఎదురుగా ఉన్నావు" అన్నాను. వాడు చేతితొడుగులు తీసి కిటికీలో పెట్టాడు. "లోపల చలి, నీకు మోకాళ్ల నొప్పులు, బయటికి పద" అన్నాడు. బయట గోడ పక్కన ఎండలో కూర్చున్నాం.  తర్వాత వాడే మోకాళ్లకి ఏ మందు రాస్తున్నావని అడిగాడు.

హేచరీకి మాత్రం తిరిగి రానన్నాడు. ఐస్ ఫ్యాక్టరీలో వాడికి మేస్త్రీ పని ఇచ్చారు. "జీతమిచ్చే అక్క వద్దు, అన్నం పెట్టే అక్క చాలు" అన్నాడు. నేను బతిమాలలేదు. బతిమాలితే వచ్చేవాడే, అందుకే బతిమాలలేదు. ఇక్కడికి కొత్త మనిషిని వెతకాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. రెండోసారి వడ్డించమని కూడా అడిగాడు.

అబ్బాయి పెట్టెలో కొత్త ప్రోగ్రాము ఎక్కించాడు. మేనమామ ముందే ప్రోబ్ వైరు పీకేశాడు. అంకె పోయి గీతలు వచ్చాయి, పెట్టె చెవులు చిల్లులు పడేలా అరిచింది, మోటారు గుర్రుమని లేచింది. పక్క షెడ్డు వాళ్లు పరుగెత్తుకొచ్చారు. మా తమ్ముడు చెవులు మూసుకుని "బాగుంది, ఇక ఎవరూ పడుకోలేరు" అన్నాడు. మేమందరం నవ్వాం. అబ్బాయి నవ్వలేదు గానీ, వైరు మళ్లీ పెట్టేటప్పుడు వాళ్ల మామయ్య వాడి వీపు మీద ఒకటి చరిచాడు. అప్పుడు నవ్వాడు.

ఇక మీ విషయం. మీ అమ్మాయి పది రోజులుగా నా దగ్గర ఉంది, మీ ఊసెత్తితే లేచి తొట్ల వైపు పోతుంది. నేను ఒక్కటే చెప్పాను. "దాచమన్నది నేను, దాచింది మీ అమ్మ. కోపం సగం నాది. నా వాటా నాకివ్వు" అన్నాను. "మీ వాటా మీకు ఎప్పుడో ఇచ్చేశాను, మీరు గమనించలేదు" అంది. ఆలోచిస్తే నిజమే, వారం నుంచి నా కాఫీలో పంచదార ఉండటం లేదు. మీ పిల్ల మీ పిల్లే.

ఈ ఉత్తరం రాస్తుంటే ఎదురుగా కూర్చుని చూస్తోంది. కింద ఖాళీ వదిలి కాగితం తన ముందుకు తోశాను. అక్కర్లేదంది. పెన్ను మాత్రం నా చేతిలోంచి లాక్కుంది.

మీ వదిన


అమ్మా,

ఇంకా కోపంగానే ఉన్నాను. గురువారం మధ్యాహ్నం బండికి వస్తున్నాం. ఆయన చేతులు ఇంకా మానలేదు, సామాను ఎక్కువ ఉంది. ఆఫీసుకి సెలవు పెట్టి స్టేషనుకి రా.